చదరంగం బల్లను మడతపెడితే

మొన్న చదరంగం బల్ల మీది గింజల లెక్క సరిచూసుకుందామని 18446744073709551615 అని స్ప్రెడ్‌షీట్‌లో టైప్ చేశాను. ఎంటర్ కొట్టి, గడిని వెడల్పు చేసి చూస్తే చివరి ఐదు అంకెలూ సున్నాలైపోయాయి: 18446744073709500000. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను అడిగితే అది ఇంకోలా 18446744073709552000 అంది. మొదటిది పదిహేను అంకెలు దాటితే గుర్తుపెట్టుకోదు. రెండోది సంఖ్యను 53 బిట్లలో పట్టించాలని చూస్తుంది, పట్టకపోతే దగ్గర్లో ఉన్నదానికి జరిపేస్తుంది. నేనిచ్చింది బేసి సంఖ్య. రెండూ నాకు సరి సంఖ్యే తిరిగిచ్చాయి.

ఈ ఇరవై అంకెల్నీ పొల్లు పోకుండా దాచినది తెలుగులో ఒకటుంది. అదొక పాత చంపకమాల. అందులోని మాటలు వరసగా ఇవి: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. ఒక్కో మాట ఒక్కో అంకె. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరం, సాయకం రెండూ 5. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి అన్నా తుహినాంశుడన్నా 1. ఒంటికి తొమ్మిది రంధ్రాలు. ఆకాశం శూన్యం. కులపర్వతాలు ఏడు, అగ్నులు మూడు, తర్కాలు ఆరు, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది. సముద్రం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. సప్తసముద్రాలు కదా అని 7 వేస్తే లెక్క చెడుతుంది, ఇక్కడ నాలుగు దిక్కుల సముద్రాలే లెక్క. ఇలా వచ్చిన అంకెల్ని కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. అంకెల నడక ఎడమవైపుకే అని మన పాత లెక్కల సూత్రం. పద్యంలో మొదటి మాట ఒకట్ల స్థానం, చివరి మాట అన్నిటికంటే పెద్ద స్థానం. పేర్చి చూడండి, నా స్ప్రెడ్‌షీట్ మింగేసిన 51615తో సహా అంతా వస్తుంది.

మన పద్ధతిలో చదవాలంటే ఏడేసి అంకెలుగా విడగొట్టడం సులువు. ఒక లక్షా 84 వేల 467 కోటి కోట్లు, ఆపైన 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615.

కథ అందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టింపు చేస్తూ ఇమ్మన్నాడు. ఆ గింజల మొత్తమే మన ఇరవై అంకెల సంఖ్య. ఆ కనిపెట్టినవాడి పేరు సిస్సా అని 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. కేరళలోని అంబలప్పుళ కృష్ణుడి గుడి పాయసం వెనక కూడా ఇదే కథ చెబుతారు. అక్కడ ముని వేషంలో వచ్చి రాజుతో చదరంగం ఆడింది సాక్షాత్తూ కృష్ణుడే. బియ్యపు గింజ బరువు 20 మిల్లీగ్రాములు అనుకుంటే, మొదటి ఇరవై గళ్లకు కలిపి 21 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తా కూడా నిండదు. సగం బల్ల అయ్యేసరికి 86 టన్నులు. ఊళ్లో పెద్ద రైసుమిల్లు ఉంటే ఆ మాత్రం రాజుగారు ఇవ్వగలడు. రెండో సగం కూడా పూర్తయితే దాదాపు 36,900 కోట్ల టన్నులు. ఇవాళ ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైమాట. అంటే సుమారు ఏడు వందల ఏళ్ల పంట.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు, ‘ఎంత పెద్దదో చూశారా’ అని. నాకు మాత్రం దాని సైజు కంటే లోపలి కట్టడం ఆసక్తిగా ఉంటుంది. ఇరవై అంకెల సంఖ్యలు కావలసినన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటి గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. దీనికి మాత్రం వంశవృక్షం ఉంది, దాన్ని చూడటానికి చదరంగం బల్ల ఒక్కటి చాలు.

మొదటి వరసలో ఎనిమిది గళ్లు: 1, 2, 4, 8, 16, 32, 64, 128. మొత్తం 255. రెండో వరసలో ప్రతి గడీ దాని కింది గడికి 256 రెట్లు. కాబట్టి రెండు వరసలూ కలిపితే 255ని 257తో గుణించినట్టే. ఒక వాటా పాతది, 256 వాటాలు కొత్తవి. వచ్చేది 65535. ఇప్పుడు మూడు, నాలుగు వరసల్ని జంటగా తీసుకోండి. అవి మొదటి రెండు వరసలకు 65536 రెట్లు. కాబట్టి సగం బల్ల 65535 × 65537, అంటే 4294967295. ఇక మిగిలిన సగం మొదటి సగానికి 4294967296 రెట్లు. మొత్తం బల్ల = 4294967295 × 4294967297.

వెనక్కి కూడా ఇలాగే మడవచ్చు. మొదటి వరసలోని 255ని మధ్యకు మడిస్తే 15 × 17. ఆ 15ని మడిస్తే 3 × 5. ఆ 3 అంటే మొదటి రెండు గళ్లు. మొత్తం ఆరు మడతలు, ఎందుకంటే 64ని ఆరుసార్లు సగం చేస్తే 1 వస్తుంది. కాబట్టి మన సంఖ్య ఇది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వెయ్యేళ్ల కిందట అల్‌బెరూనీ అనే పండితుడు ఈ మొత్తాన్ని లెక్కకట్టినప్పుడు కూడా 64 గళ్లూ ఒక్కొక్కటిగా కూడలేదు. వర్గం చేసుకుంటూ పోయాడు. 2, 4, 16, 256, 65536, అలా ఆరోసారికి 2⁶⁴. అందులోంచి ఒకటి తీసేస్తే పని అయిపోయింది. మన మడతలే, అటువైపు నుంచి.

ఈ ఆరు సంఖ్యలకూ గణితంలో ఒక పేరుంది, ఫెర్మా సంఖ్యలు అని. పైన చెప్పిన వర్గాల వరసలో ఒక్కోదానికి ఒకటి కలిపితే వచ్చేవి ఇవే. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు. వీటిని చూసి 1640లో ఫ్రాన్స్‌లోని పియెర్ ద ఫెర్మా ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, ఉత్తరాల్లో రాశాడు కూడా. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త, తోటి గణితవేత్త ఆయిలర్‌కి రాసిన ఉత్తరంలో చివర ఒక మాట కలిపాడు: ఫెర్మా ఇలా అన్నాడు, మీకు తెలుసా అని. 1729 అంటే మనకు రామానుజన్ టాక్సీ గుర్తొస్తుంది గానీ, సంఖ్యా సిద్ధాంతంలోకి ఆయిలర్‌ను లాగిన ఏడాది కూడా అదే. మూడేళ్లలో, 1732లో, ఆయిలర్ ఫెర్మా మాట తప్పని చూపించాడు. 4294967297ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

దీన్ని సరిచూడటానికి భాగహారం కూడా అక్కర్లేదు. ఈ రుజువు నాకు చాలా ఇష్టం, అందుకే ఇక్కడ కొంచెం నిదానిస్తాను. 641ని రెండు రకాలుగా రాయండి. ఒకటి, 640 + 1. ఇక్కడ 640 అంటే 5 × 2⁷. రెండోది, 625 + 16, అంటే 5⁴ + 2⁴. ఇప్పుడు 641తో భాగిస్తే వచ్చే శేషాల్ని మాత్రమే చూస్తూ పోదాం. మొదటి రూపాన్ని బట్టి 5 × 2⁷ కి శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ కి శేషం +1. కానీ రెండో రూపాన్ని బట్టి 5⁴ స్థానంలో −2⁴ రాసుకోవచ్చు. అప్పుడు −2⁴ × 2²⁸, అంటే −2³², శేషం +1 ఇస్తుంది. అంటే 2³² + 1 కి శేషం సున్నా. 2³² + 1 అంటే మన 4294967297. అయిపోయింది. రెండో కారణాంకం 6700417. అదీ ప్రధాన సంఖ్యే.

అసలు 641 దగ్గరికి ఆయిలర్ గాలికి తిరుగుతూ రాలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 ఎక్కానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని తేల్చుకున్నాడు. ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే చేప చిక్కింది. ఈ మాత్రం భాగహారాలు ఫెర్మా ఎందుకు చేయలేదో!

కాబట్టి చదరంగం సంఖ్య పూర్తి జాతకం ఇదీ:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. ఇది యాదృచ్ఛికం కాదు. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదని 1730లోనే గోల్డ్‌బాక్ రాశాడు. మన మడతల్లోనే దాని కారణం ఉంది. ఏ ఫెర్మా సంఖ్యలోంచైనా రెండు తీసేస్తే దాని ముందున్న ఫెర్మా సంఖ్యలన్నిటి గుణకారం వస్తుంది. ఇద్దరికీ ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ని కూడా భాగించాలి. అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి కుదరదు.

ఏడు ప్రధాన సంఖ్యలూ విడివిడిగా ఉంటే మొత్తం ఎన్ని కారణాంకాలు? కర్రీ పాయింట్‌లో ఏడు కూరలున్నాయనుకోండి. ఒక్కోటీ తీసుకోవచ్చు, మానేయవచ్చు. 2⁷, అంటే 128 రకాల పార్శిళ్లు, ఖాళీ కవరుతో సహా. కారణాంకాలూ 128. ఒకవేళ ఫెర్మా మాటే నిజమై 4294967297 విరగకుండా ఉంటే ఆరు కూరలే ఉండేవి, సరిగ్గా 64 కారణాంకాలు వచ్చేవి. బల్లకు ఎన్ని గళ్లో అన్ని. ముచ్చటగా ఉండేది గానీ 641 ఒప్పుకోలేదు.

ఇక సంఖ్యలకు గణితంవాళ్లు పెట్టే పేర్లలోకి వెళ్తే, వాటిలో కొన్ని బంధుత్వాలు, కొన్ని ముఖపరిచయాలు మాత్రమే. బంధుత్వాలు ముందు.

2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యను మెర్సెన్ సంఖ్య అంటారు. చదరంగం బల్ల మీద ఏ గడి దగ్గర ఆగి మొత్తం చూసినా మెర్సెన్ సంఖ్యే ఉంటుంది. ఆ మొత్తం ప్రధాన సంఖ్య కావాలంటే ఆగిన గడి నంబరు కూడా ప్రధాన సంఖ్య కావాలి. లేకపోతే పైన చేసినట్టే మడత పడిపోతుంది. ఇది చాలదు కూడా. పదకొండు గళ్లకు 2047 వస్తుంది, అది 23 × 89. బల్ల మొత్తం మీద తొమ్మిది చోట్లే ప్రధాన సంఖ్య తగులుతుంది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గళ్ల దగ్గర. 31 గళ్ల మొత్తం 2147483647. అది ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలర్ తేల్చాడు. 2014 చివర్లో ఒక కొరియన్ పాట వీడియోకి వ్యూస్ ఈ సంఖ్యను దాటబోతున్నాయని కౌంటర్‌నే మార్చాల్సి వచ్చింది. కొత్త కౌంటర్ హద్దు 63 గళ్ల మొత్తం. 61 గళ్ల మొత్తం ప్రధాన సంఖ్య అని 1883లో రుజువు చేసింది రష్యాలో ఒక చర్చి పూజారి, ఇవాన్ పెర్వుషిన్. 64వ గడికి మాత్రం ఆ యోగం ఎప్పటికీ లేదు. 64 సంఖ్య 2 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేనిది కాబట్టి, అది ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు మడత పడుతుంది.

సగం బల్ల మొత్తానికి మాత్రం ఒక గొప్ప యోగం ఉంది. వృత్తలేఖిని, గీతలు లేని స్కేలు మాత్రమే వాడి ఎన్ని భుజాల సమబహుభుజిని గీయవచ్చన్నది గ్రీకుల నాటి ప్రశ్న. 1796లో గౌస్ పదిహేడు భుజాలది సాధ్యమని చూపించాడు. ఆయన, 1837లో వాంట్‌జెల్ కలిసి తేల్చిన సంగతి ఏమిటంటే, భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల గుణకారం అయి ఉండాలి. ఇవాళ్టికి తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదే. ఐదింటినీ గుణిస్తే 4294967295. అంటే వృత్తలేఖినితో గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దదానికి ఎన్ని భుజాలో, సగం బల్ల మీద అన్ని గింజలు. పూర్తి బల్లకు ఈ అర్హత పోయింది, మళ్లీ ఆ 641 వల్లే.

ఈ గింజల్ని నేలమీద చతురస్రాలుగా పేర్చాలంటే ఎన్ని చతురస్రాలు కావాలి? ప్రతి సంఖ్యకూ నాలుగు సరిపోతాయని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. మూడింటితో సరిపెట్టగలమా అంటే, ఈ సంఖ్య విషయంలో కుదరదు. ఏ వర్గాన్నైనా 8తో భాగిస్తే శేషం 0, 1, 4లలో ఒకటే. వీటిలో ఏ మూడు కలిపినా 7 శేషం రాదు. మన సంఖ్యకు ఒకటి కలిపితే 2⁶⁴, అది 8తో పోతుంది. అంటే మన సంఖ్యకు శేషం సరిగ్గా 7. నాలుగూ కావాల్సిందే.

త్రిభుజంగా పేర్చడం? ఒక గింజ, కింద రెండు, కింద మూడు, అలా. ఇక్కడ రామానుజన్ వస్తాడు. 2 ఘాతంలోంచి 7 తీసేస్తే వర్గం వచ్చే సందర్భాలు ఐదే ఉన్నాయని 1913లో ఆయన ఊహించాడు. 1948లో నార్వే గణితవేత్త నాగెల్ దాన్ని రుజువు చేశాడు. త్రిభుజ సంఖ్యను ఎనిమిదింతలు చేసి ఒకటి కలిపితే వర్గం వస్తుంది. మెర్సెన్ సంఖ్యను అలా చేస్తే వచ్చేది 2 ఘాతంలోంచి 7 తీసేసిన సంఖ్య. రెండూ కలిస్తే, సున్నాను పక్కనపెట్టి, త్రిభుజంగా పేర్చగల మెర్సెన్ సంఖ్యలు నాలుగే: 1, 3, 15, 4095. పన్నెండో గడి దాటాక రాజుగారి గింజలు ఎప్పటికీ త్రిభుజం కావు.

కారణాంకాల మొత్తం లెక్క కూడా చూద్దాం. తనను తప్ప మిగతా కారణాంకాలన్నీ కూడితే తనే వచ్చేది పరిపూర్ణ సంఖ్య. తక్కువొస్తే న్యూన సంఖ్య. మనది 127 కారణాంకాల్ని కూడగట్టినా రూపాయికి డెబ్భై పైసల దగ్గరే ఆగిపోతుంది. న్యూన సంఖ్యే.

ముఖపరిచయాలంటే, సంఖ్యను ఏ పద్ధతిలో రాస్తున్నామన్నదాన్ని బట్టి వచ్చే పేర్లు. అంకెలన్నీ కూడితే 87. అంకెల మొత్తంతో నిశ్శేషంగా పోయే సంఖ్యలకు దేవ్‌లాలి బడిపంతులు కాప్రేకర్ హర్షద్ అని పేరు పెట్టాడు, ఆనందాన్నిచ్చేవని. 87 అంటే 3 × 29. మన ఏడుగురిలో 29 లేదు, కాబట్టి ఆనందం లేదు. రెండంకెల భాషలో, అంటే కంప్యూటర్ భాషలో రాస్తే వరసగా 64 ఒకట్లు. ఎటునుంచి చదివినా ఒకటే. ఒకట్లు సరి సంఖ్యలో ఉంటే ఇంగ్లీషులో ఈవెన్ (సరి), ఈవిల్ (దుష్ట) అనే శ్లేష కోసం దాన్ని దుష్ట సంఖ్య అంటారు. పాపం, దీనికి ఆ బిరుదు కూడా ఉంది. ఇవన్నీ సరదాకే. పది వేళ్లు కాకుండా పన్నెండు వేళ్లుంటే హర్షద్ జాబితా మారిపోతుంది, 641 మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ సంఖ్యకు కాశీతో కూడా ఒక చుట్టరికం అంటగట్టారు. కాశీలోని గుడిలో మూడు వజ్రపు కడ్డీలు, 64 బంగారు బిళ్లలు ఉన్నాయని, పెద్ద బిళ్లను చిన్నదాని మీద పెట్టకుండా పూజారులు వాటిని ఒక కడ్డీ నుంచి ఇంకోదానికి మారుస్తున్నారని, ఆ పని పూర్తయితే లోకం అంతమవుతుందని ఒక కథ. 1883లో హనోయ్ గోపురం అనే ఆటబొమ్మ అమ్మకం కోసం ఫ్రెంచి గణితవేత్త ఎడువార్ లూకా తీసుకొచ్చిన కథ ఇది. కావాల్సిన ఎత్తులు సరిగ్గా 18446744073709551615. సెకనుకు ఒకటి చొప్పున 58 వేల కోట్ల ఏళ్లకు పైమాట. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. ఫెర్మా సంఖ్యల కారణాంకాల గురించి ఆయిలర్ కనుగొన్న నియమాన్ని ఇంకాస్త బిగించింది కూడా ఈ లూకాయే. ఆ నియమం ముందే తెలిసి ఉంటే 193, 449, 577ల జోలికి పోనక్కర్లేదు. మిగిలే 257 స్వయంగా ఫెర్మా సంఖ్య కాబట్టి దాన్నీ వదిలేయవచ్చు. నేరుగా 641 దగ్గరికే వస్తాం.

చివరగా ఇరుగుపొరుగు. మన సంఖ్యకు ఒకటి కలిపితే 2⁶⁴, అందులో 2 తప్ప ఏమీ లేదు. ఇంకొకటి కలిపితే 18446744073709551617. ఏడో మడత వేయాలంటే కావాల్సిన ఫెర్మా సంఖ్య ఇదే. అదీ విరిగిపోయేదే. 1880లో ఫ్రాన్స్‌కి చెందిన లాండ్రీ, 82 ఏళ్ల వయసులో, దాన్ని 274177 × 67280421310721 అని విడగొట్టాడు.

ఈ కొత్త సంఖ్యకు కొత్త పద్యం రాయాలా? ఒకట్ల స్థానంలో 5 పోయి 7 రావాలి, అంతే. పద్యంలో మొదటి మాట ‘శర’ తీసేసి ‘గిరి’ పెడితే చాలు. రెండూ రెండేసి లఘువులే కాబట్టి గణం చెడదు. రెండో అక్షరం రేఫమే కాబట్టి ప్రాస కూడా నిలుస్తుంది. పదకొండో అక్షరం ‘సా’తో ‘గి’కి యతి మాత్రం కుదరదు.